నాలుగు ఫోన్లు పెట్టి 1929 ఫోర్డ్ కారు బ్రేక్ శబ్దాన్ని వెతికాం... దొరికింది మాత్రం వేరేది!

ఈ వారం మీకు నాలుగు మిడ్‌రేంజ్ ఫోన్ల మైక్ కంపారిజన్ రావాలి. ట్రాఫిక్‌లో, గాలిలో, ఫ్యాన్ కింద రికార్డ్ చేసి ఏది క్లియర్‌గా ఉందో చెప్దామని ప్లాన్. కానీ ఆ నాలుగు ఫోన్లూ రెండు వారాలుగా ఒక పాత కారుకి టేపుతో అంటుకుని ఉన్నాయి. కాబట్టి ఆ రివ్యూ ఇంకొంచెం లేట్ అవుతుంది, సారీ. బదులుగా ఆ ఫోన్లు చేసిన పని చెప్తాను. నిజం చెప్పాలంటే ఏ కెమెరా శాంపిల్ కన్నా నాకు ఇదే ఎక్కువ నచ్చింది. మధ్యలో నేను చేసిన ఒక వెధవ పని కూడా ఉంది, అది కూడా దాచకుండా చెప్తాను.

నేను ఉండేది అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఒక సబర్బ్‌లో. మా పక్కింటి పెద్దాయన రిటైర్డ్ టూల్‌మేకర్. సర్ అని పిలవొద్దని మొదటిరోజే చెప్పేశారు. అంత వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడం నా వల్ల కాదు. అందుకే ఈ ఆర్టికల్లో ఆయన పెద్దాయనే. ఆయన గ్యారేజీలో 1929 ఫోర్డ్ మోడల్ ఏ ఉంది. 3.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, 40 హార్స్‌పవర్. ఇప్పుడు మన దగ్గర అమ్మే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లు కూడా అంతకన్నా పవర్ ఇస్తాయి. 1927 డిసెంబర్లో జనానికి చూపించి, 1931 దాకా దాదాపు 48 లక్షల బళ్లు చేశారు కాబట్టి అమెరికాలో ఇవి ఇంకా బాగానే కనిపిస్తాయి, పార్టులు కూడా కొత్తగా చేసి అమ్ముతారు.

బండి అద్దంలా మెరుస్తుంది. కానీ బ్రేక్ తొక్కితే వీధి చివరి కుక్క కూడా లేచి అరుస్తుంది. "కీఈఈచ్" అని ఒకటే శబ్దం. రెండేళ్లుగా ఇదే గోల. రెండు షాపులకి తీసుకెళ్లారు. ఒకళ్లు ముందు చక్రాలకి లైనింగులు మార్చారు, ఇంకొకళ్లు డ్రమ్ములు మార్చారు. డబ్బులు పోయాయి, శబ్దం మాత్రం పోలేదు. దగ్గర్లోని డియర్‌బార్న్‌లో, గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మ్యూజియంలో ఏటా సెప్టెంబర్లో పాత కార్ల పండగ జరుగుతుంది. అక్కడికి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లాలని ఆయన కోరిక. ఆ పిల్లేమో ఈ శబ్దానికి చెవులు మూసుకుని, "తాతా, నేను రాను" అనేసింది.

"నీ దగ్గర ఇన్ని ఫోన్లున్నాయి కదా కిడ్, వాటిలో ఏదైనా దీన్ని వినగలదా?" అని ఆయన జోక్‌గా అడిగారు. నేను సీరియస్‌గా తీసుకున్నా.

అసలు బ్రేక్ ఎందుకు అరుస్తుంది?

మీ ఇంట్లో డ్రమ్ బ్రేక్ బైక్ ఉంటే సగం విషయం మీకు తెలిసినట్టే. చక్రంతో పాటు తిరిగే ఒక ఇనప డ్రమ్ము, దాని లోపల రెండు సగం చందమామల్లాంటి షూలు, వాటి మీద లైనింగ్. పెడల్ తొక్కితే షూలు విచ్చుకుని డ్రమ్ముని లోపలి నుంచి రుద్దుతాయి. మోడల్ ఏ లో నాలుగు చక్రాలకీ ఇవే ఉన్నాయి. తేడా ఎక్కడంటే, దీంట్లో బ్రేక్ ఆయిల్ అనేదే లేదు. పెడల్ నుంచి ప్రతి చక్రానికీ ఇనప కడ్డీలు వెళ్తాయి. 1924లోనే క్రిస్లర్ నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులు ఇచ్చినా, హెన్రీ ఫోర్డ్ మాత్రం కడ్డీల మీదే నమ్మకం పెట్టుకున్నాడు. ఫోర్డ్ కార్లకి హైడ్రాలిక్ వచ్చింది 1939 మోడల్స్‌తోనే. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, తర్వాత పని పడుతుంది.

శబ్దం సంగతికొస్తే, రుద్దుడు ఎప్పుడూ సాఫీగా జరగదు. లైనింగ్ డ్రమ్ముని ఒక క్షణం పట్టుకుంటుంది, వెంటనే జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇది సెకనుకి వందల, వేల సార్లు జరుగుతుంది. ఆ కదలిక డ్రమ్ము సహజంగా మోగే ఫ్రీక్వెన్సీతో కలిసిందంటే డ్రమ్ము గంటలా మోగుతుంది. గుళ్లో గంట కొట్టి వెంటనే అరచేత్తో పట్టుకుంటే మోత ఆగిపోతుంది కదా, ఇక్కడ ఆ చెయ్యి లేదు. తర్వాతి కాలంలో కొన్ని అమెరికన్ కార్లలో డ్రమ్ము చుట్టూ బిగుతుగా ఒక స్ప్రింగ్ చుట్టి ఇచ్చేవారు. అది ఆ అరచెయ్యి పనే చేస్తుంది.

ఇది కార్లంత పాత సమస్య. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేక్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ఇప్పుడు మన బైకుల యాడ్స్‌లో గొప్పగా చెప్పుకునే అదే డిస్క్ బ్రేక్! కానీ ఆయన ప్యాడ్‌లకి వాడింది రాగి. లోహం మీద లోహం రుద్దితే వచ్చే కీచు ఎవరూ భరించలేకపోయారు. దాని విరుగుడు హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన దగ్గర దొరికింది. డెర్బీషైర్ కొండల్లో గుర్రబ్బళ్ల వాళ్లు బ్రేక్ చెక్కకి పాత బూట్ల అట్టలు కొట్టుకోవడం చూసి, ఫ్రూడ్ 1897లో బ్రేక్ లైనింగుల వ్యాపారం మొదలుపెట్టాడు. తన ఇంటిపేరు అక్షరాలని అటూ ఇటూ మార్చి, ఒక ఈ కలిపి పెట్టుకున్న పేరే ఫెరోడో. ఇప్పటికీ బ్రేక్ ప్యాడ్ డబ్బాల మీద కనిపిస్తుంది. ఆయన ఆస్బెస్టాస్ కలిపి చేసిన లైనింగులతో వేడికి కాలిపోవడం, అరవడం రెండూ చాలా తగ్గాయి. తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా అదే వాడారు. ఆ ఆస్బెస్టాస్ దగ్గరే నా మొదటి తప్పు జరిగింది.

దుమ్ము ఊదొద్దు. సీరియస్‌గా చెప్తున్నా

మొదటిరోజు చక్రం ఊడదీసి డ్రమ్ము లాగగానే లోపల నల్లటి పొడి గుట్టలా ఉంది. నేను అలవాటుగా కీబోర్డ్ క్లీన్ చేసే ఎయిర్ స్ప్రే డబ్బా తీశా. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం అప్పటివరకు వినలేదు.

ఆ కాలం కార్ల లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. దాని పొడిలో కంటికి కనపడని పోగులుంటాయి. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రావు. ఇరవై, ముప్ఫై ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడతాయి. అమెరికాలో ప్రధాన రకం ఆస్బెస్టాస్‌ని నిషేధిస్తూ చివరి రూల్ వచ్చింది 2024 మార్చిలోనే అంటే చూడండి. ఈ కారు ముందు లైనింగులు కొత్తవే, కానీ వెనక చక్రాల్లోవి ఎప్పటివో ఆయనకే తెలీదు. పైగా బ్యాకింగ్ ప్లేట్ మూలల్లో పాత పొడి ఎక్కడికీ పోదు. అందుకే మొత్తం ఆస్బెస్టాసే అనుకుని పని చేశాం. నీళ్లలో కొంచెం సబ్బు కలిపి స్ప్రే చేసి, పొడిని పూర్తిగా తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో సీల్ చేశాం. మొహానికి మంచి ఫిల్టర్ మాస్క్. మీ తాతగారి పాత కారో స్కూటరో మీరు విప్పుతుంటే ఈ ఒక్క పేరా గుర్తుంటే చాలు, మిగతా ఆర్టికల్ మర్చిపోయినా పర్లేదు.

ఫోన్లు పెట్టింది ఇలా

ఇప్పుడు మన సబ్జెక్ట్‌కి వద్దాం. శబ్దాన్ని చెవితో వింటే "ముందు నుంచి వస్తోంది" అని మాత్రమే తెలుస్తుంది. ఇనప బాడీలో శబ్దం అటూ ఇటూ పాకుతుంది, చెవి మోసపోతుంది. అందుకే ప్రతి చక్రం దగ్గర, మడ్‌గార్డ్ లోపలి వైపు, ఒక్కో ఫోన్ పెట్టాం. మైక్ చక్రం వైపు, పైన స్పాంజ్ ముక్క (గాలి శబ్దం తగ్గడానికి), చుట్టూ టేపు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, నార్మల్ వాయిస్ రికార్డర్ వాడొద్దు. ఫోన్లలో నాయిస్ సప్రెషన్ పని ఏంటంటే, ఒకేలా సాగే శబ్దాన్ని చెత్త అనుకుని తీసేయడం. మనకి కావాల్సిందే అది! ఒక ఫోన్లో మొదటి రికార్డింగ్ వింటే ఇంజిన్ ఉంది, మా మాటలున్నాయి, కీచు మాత్రం దాదాపు మాయం. కాల్స్‌లో ఆ ఫోన్‌కి ఫుల్ మార్కులు, ఇక్కడ సున్నా. ఆండ్రాయిడ్ 7 నుంచి ప్రాసెసింగ్ లేని మైక్ ఇన్‌పుట్ తీసుకునే ఆప్షన్ యాప్‌లకి ఉంది. అది సపోర్ట్ చేసే ఫోన్, వాడుకునే యాప్ రెండూ ఉండాలి. రెండోది, నాలుగు మైక్‌ల సెన్సిటివిటీ ఒకటి కాదు. అందుకే ముందు నాలుగింటినీ ఒకే చోట పెట్టి ఒకే టోన్ వినిపించి, ఎవరు ఎంత ఎక్కువ చూపిస్తున్నారో రాసుకుని తేడా సరిచేశా. రికార్డింగులు కలపడానికి సినిమా క్లాప్ టెక్నిక్: మొదట్లో ఒక చప్పట్లు, అంతే.

శబ్దాన్ని చూడ్డానికి స్పెక్ట్రాయిడ్ అనే ఫ్రీ యాప్ వాడా. అడ్డంగా టైమ్, నిలువుగా ఫ్రీక్వెన్సీ ఉన్న బొమ్మ కోసం తర్వాత ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ. సీట్ కింద ఐదో ఫోన్లో ఫైఫాక్స్ నడిపా. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసిన యాప్ అది, ఫోన్ సెన్సర్లన్నిటినీ ల్యాబ్ పరికరాల్లా మార్చేస్తుంది. కానీ ఒక లిమిట్ ఉంది. ఫోన్ యాక్సిలరోమీటర్ సెకనుకి కొన్ని వందల సార్లే కొలుస్తుంది, ఆండ్రాయిడ్ 12 నుంచి స్పెషల్ పర్మిషన్ లేని యాప్‌లకి 200 సార్లే. అంటే 100 హెర్ట్జ్ పైన ఉన్నది దానికి కనపడదు. బండి దడదడలాడితే పట్టుకుంటుంది, కీచు కాదు. కీచుకి మైకే కావాలి.

ఇంకోటి, మీ మెయిన్ ఫోన్ మాత్రం అంటించకండి. కెమెరాలో ఓఐఎస్ ఉన్న ఐఫోన్లకి మోటార్ సైకిల్ ఇంజిన్ల వైబ్రేషన్ మంచిది కాదని యాపిల్ 2021లో స్వయంగా హెచ్చరించింది. నేను రివ్యూ యూనిట్లు వాడా. ఆ పీఆర్ టీమ్‌లు ఇది చదవకూడదని ప్రార్థన.

బొమ్మ ఏం చెప్పింది?

ఖాళీ రోడ్డు మీద గంటకి 40 కిలోమీటర్ల వేగం నుంచి పది సార్లు మెల్లగా బ్రేక్ వేశాం. ఇంటికొచ్చి రికార్డింగులు తెరిస్తే, కుడి ముందు చక్రం ఫోన్లో 1,240 హెర్ట్జ్ దగ్గర ప్రకాశవంతమైన గీత. మిగతా మూడింట్లోనూ అదే గీత ఉంది కానీ చాలా మసకగా, అంటే అక్కడికి చేరిన శబ్దమే. కాబట్టి దొంగ కుడి ముందు చక్రం.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది, బ్రేక్ శబ్దం దేనిదైనా పనికొస్తుంది. బండి స్లో అవుతుంటే ఆ గీత కూడా కిందికి దిగితే, అది తిరిగే దాని శబ్దం: బేరింగు, టైరు, గేర్లు లాంటివి. వేగం తగ్గినా గీత అడ్డంగా, తిన్నగా ఉంటే అది లోహం మోత, డ్రమ్మో షూనో గంటలా మోగుతోంది. మాది తిన్నగా ఉంది.

కానీ గీత ముక్కలు ముక్కలుగా ఉంది. కీచ్, కీచ్, కీచ్ అన్నట్టు. చెవికి ఒకే శబ్దంలా వినపడేది నిజానికి తెగి తెగి వస్తోంది. ముక్కలు లెక్కపెట్టా. మొదట్లో సెకనుకి నాలుగుకీ ఐదుకీ మధ్య, వేగం 20కి వచ్చేసరికి రెండు చిల్లర. ఈ కారు టైరు బయటి వ్యాసం సుమారు 30 అంగుళాలు. అంటే ఒక్క చుట్టుకి దాదాపు 2.4 మీటర్లు వెళ్తుంది. గంటకి 40 కిలోమీటర్లంటే సెకనుకి 11.1 మీటర్లు, అంటే సెకనుకి 4.6 చుట్లు. 20కి అందులో సగం. లెక్క అచ్చంగా సరిపోయింది! చక్రం ఒకసారి తిరిగితే ఒక కీచు. అంటే డ్రమ్ములో ఒక చోట మిట్ట ఉంది, అది షూ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మోత మొదలవుతోంది.

రాత్రి పన్నెండుకి ఈ లెక్క కుదిరినప్పుడు నేను కుర్చీలోంచి లేచి గంతేసిన మాట వాస్తవం.

నా వెధవ పని

ఇక్కడితో ఆగి, పద్ధతిగా డ్రమ్ము కొలిచి ఉంటే బాగుండేది. కానీ పండగకి మూడు వారాలే ఉంది, పైగా నాకు రీల్ కావాలి. మోడల్ ఏ లో ప్రతి చక్రం వెనక బ్యాకింగ్ ప్లేట్ మీద ఒక నలుపలకల బోల్టు ఉంటుంది. తిప్పితే క్లిక్, క్లిక్ అంటూ షూలు డ్రమ్ముకి దగ్గరవుతాయి లేదా దూరమవుతాయి. మిట్ట షూకి తగులుతోంది కదా, షూని కాస్త దూరం జరిపితే పోతుంది అనుకుని కుడి ముందు చక్రం రెండు క్లిక్కులు వదులు చేశా. లైనింగ్ అంచులు కూడా కొంచెం ఏటవాలుగా రాశా, ఉప్పుకాగితంతో పైన మెరుపు తీశా.

శబ్దం మాయం! పది స్టాపులు, స్పెక్ట్రోగ్రామ్ నల్లగా, క్లీన్‌గా ఉంది. బిఫోర్, ఆఫ్టర్ రీల్ పెట్టేశా. కామెంట్లలో చప్పట్లు.

రెండోరోజు పెద్దాయన నడుపుతుంటే నేను పక్క సీట్లో ఉన్నా. యాభై లోపు వేగమే. ముందు స్టాప్ సైన్. ఆయన బ్రేక్ తొక్కారు. ఇంకా తొక్కారు. కాలు నిటారుగా అయిపోయింది. బండి గీత దాటి ఒక కారు పొడవంత ముందుకెళ్లి, కూడలి మధ్యలో ఆగింది. అటు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి ఇప్పుడు ఇది రాస్తున్నా. ఆ పక్క సీటు మనవరాలి కోసం ఉంచిన సీటు.

ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఫస్ట్ గేర్‌లో మెల్లగా ఇంటికి తెచ్చి ఇంజిన్ ఆపాక, "రెండు క్లిక్కులకే ఇంత బ్రేక్ పోయిందంటే, మిగతా మూడు చక్రాలు ఏం చేస్తున్నట్టు?" అన్నారు. నాకు అప్పుడు వెలిగింది. నేను శబ్దం చేసే చక్రాన్ని మాత్రమే విన్నా. మౌనంగా ఉన్న మూడింటి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. రీల్ ఆ రాత్రే డిలీట్ చేశా.

టెంపరేచర్ గన్ అసలు కథ చెప్పింది

బ్రేక్ అంటే వేగాన్ని వేడిగా మార్చడమే. కాబట్టి ఏ డ్రమ్ము ఎంత వేడెక్కిందో చూస్తే ఎవరు ఎంత పని చేస్తున్నారో తెలుస్తుంది. కోవిడ్ టైమ్‌లో కొన్న నుదుటి థర్మామీటర్ పెడితే "హై" అని చేతులెత్తేసింది. అవి మనిషి జ్వరం వరకే కొలుస్తాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుంది, అదృష్టం కొద్దీ డ్రమ్ములకి నల్ల పెయింట్ ఉంది.

రెండు క్లిక్కులు మళ్లీ బిగించి, అంటే కీచుని తిరిగి తెచ్చుకుని, ఖాళీ పార్కింగ్ లాట్‌లో తక్కువ వేగంలో వరసగా ఎనిమిది స్టాపులు వేశాం. కుడి ముందు 94 డిగ్రీల సెల్సియస్. వెనక రెండూ 50కి అటూ ఇటూ. ఎడమ ముందు 33. ఆ రోజు ఎండకి బండి రేకే 31 ఉంది. అంటే ఎడమ ముందు చక్రం ఏ పనీ చేయట్లేదు! రెండేళ్లుగా అందరూ తిట్టుకున్న ఆ కీచు చక్రమే పాపం ఒంటరిగా బండిని ఆపుతోంది. బ్రేక్ వేస్తే బండి కుడికి లాగాలి కదా, మరి తెలియలేదా అని ఆయన్ని అడిగా. ఆయన తన చేతులు చూసుకున్నారు. బ్రేక్ మీద కాలు వేయగానే స్టీరింగ్‌ని కాస్త ఎడమకి పట్టడం ఆయనకి అలవాటైపోయింది. ఫైఫాక్స్‌లో జైరోస్కోప్ గ్రాఫ్ చూస్తే ప్రతి స్టాప్‌లో ఆ సర్దుబాటు చిన్న అలలా కనిపించింది. డేటా మొదటిరోజు నుంచీ నా దగ్గరే ఉంది, నేనే తెరవలేదు.

కారణం ఏంటంటే, ముందు చక్రాలు స్టీరింగ్‌తో తిరగాలి కాబట్టి కడ్డీ నేరుగా షూలకి తగిలించలేరు. ఫోర్డ్ ఇంజినీర్లు కింగ్‌పిన్ మధ్యలో బోలుగా చేసి, అందులోంచి ఒక పిన్ను కిందికి నెట్టి, అది ఒక చీలని తోసి షూలని విడదీసేలా చేశారు. తెలివైన డిజైన్. కానీ ఆ పిన్ను, చీల కొసలు అరిగితే పెడల్ ప్రయాణమంతా ఆ సందులోనే అయిపోతుంది. హైడ్రాలిక్‌లో ఆయిల్ ఒత్తిడి అన్ని చక్రాలకీ తనంతట తాను సమానంగా పంచుకుంటుంది. కడ్డీల బండిలో ఆ పంపకం మెకానిక్ చేతులతో చేయాలి. షాపులవాళ్లు శబ్దం వచ్చే చక్రం వైపే చూశారు, నాలాగే.

ఆటోనగర్ నుంచి వీడియో కాల్

ఎడమ వైపు సంగతి తేలింది. కానీ కుడి వైపు షూ అరవడానికి మిట్ట ఒక్కటే కారణమా అని డౌట్. మా బాబాయ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో లారీ బ్రేకుల షెడ్డు ఉంది. ఇక్కడ రాత్రి తొమ్మిది, అక్కడ పొద్దున్న ఆరున్నర. టీ తాగుతూ కాల్ ఎత్తాడు.

"ఏంట్రా ఇది, బొమ్మ కారా?"

"కాదు బాబాయ్, నిజం కారే. షూ చూడు, ఎందుకు అరుస్తుందో అర్థం కావట్లేదు."

"వెలుతురులోకి పెట్టు. ఆఁ... కొసలు చూడు, నల్లగా మెరుస్తున్నాయి. నడుమ చూడు, కొత్తదాన్లాగే ఉంది. లైనర్ నడుమ ముట్టట్లేదురా. సుద్దముక్క ఉందా?"

సుద్దముక్క నా దగ్గర లేదు, మనవరాలి రంగుల సుద్ద దొరికింది. లైనింగ్ నిండా గులాబీ రంగు పూసి, షూని డ్రమ్ములో పెట్టి చేత్తో రుద్ది తీస్తే, రెండు కొసల్లో మాత్రమే రంగు పోయింది. కొత్త లైనింగ్ కొంచెం మందంగా వేసి, డ్రమ్ము వంపుకి సరిపడా గ్రైండ్ చేయకుండా వదిలేశారు. దాంతో షూ వంపు డ్రమ్ము వంపు కన్నా పెద్దదైంది, కొసలతో మాత్రమే పట్టుకుంటోంది. అలా కొసలతో పట్టే షూ గట్టిగా కొరుకుతుంది, బాగా అరుస్తుంది. దానికి తోడు మిట్ట.

"ముందు డ్రమ్ముని హబ్బుకి బిగించి ఉండగానే లేత్ మీద టర్నింగ్ వేయించు. తర్వాత షూలు దానికి సరిపెట్టించు. తిరగేసి చేశావో, మళ్లీ నాకు ఫోన్ చేస్తావు," అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఆ దుమ్ము పీల్చకురా," అని కూడా. వాళ్ల షెడ్డులో ఎవరూ మాస్క్ పెట్టరని నాకు తెలుసు. ఆ మాట నేనూ అన్నా, నవ్వేశాడు. ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒక బాక్స్ మాస్క్‌లు పట్టుకెళ్తా. పెట్టుకుంటాడని గ్యారంటీ లేదు.

రిపేరు, రిజల్ట్

డయల్ గేజ్ పెట్టి కొలిస్తే కుడి డ్రమ్ము ఒక చుట్టులో 0.012 అంగుళం అటూ ఇటూ ఊగుతోంది. కొత్త డ్రమ్మే, కానీ హబ్బుకి బిగించాక మళ్లీ లేత్ పట్టించలేదు. ఒక మెషిన్ షాపులో బాబాయ్ చెప్పిన వరసలోనే రెండు ముందు డ్రమ్ములూ టర్నింగ్ వేయించాం, తర్వాత షూలు. ఎడమ వైపు పిన్ను, చీల, బుష్షులు కొత్తవి. అలసిపోయిన రిటర్న్ స్ప్రింగులు కూడా మార్చాం. వెనక లైనింగులు తడిపి, జాగ్రత్తగా తీసేసి ఆస్బెస్టాస్ లేనివి వేశాం.

అడ్జస్ట్‌మెంట్‌కి పెద్దాయన దగ్గర గాట్లున్న ఒక కర్ర ఉంది. సీటుకీ పెడల్‌కీ మధ్య పెడితే పెడల్‌ని కొద్దికొద్దిగా నొక్కి పట్టుకుంటుంది. నాలుగు చక్రాలూ గాల్లోకి లేపి, మొదటి గాటు దగ్గర వెనక చక్రాలు చేతికి కాస్త బరువుగా తిరగాలి, తర్వాత ముందువి, చివరి గాటుకి వెనకవి పూర్తిగా బిగిసిపోవాలి. దీనికి యాప్ లేదు. సాయంత్రమంతా చేత్తో చక్రాలు తిప్పుతూ కూర్చున్నాం. నాకు రెండు చక్రాలు ఒకేలా అనిపించినా ఆయన ఒక క్లిక్కు మార్చేవారు, టెంపరేచర్ గన్ తర్వాత ఆయనదే కరెక్ట్ అని చెప్పేది.

మళ్లీ అదే పార్కింగ్ లాట్, అవే ఎనిమిది స్టాపులు. కుడి ముందు 66, ఎడమ ముందు 63, వెనక 71, 70. పెడల్ సగంలోనే బండి ఆగుతోంది. స్టీరింగ్ వదిలేసి బ్రేక్ వేసినా తిన్నగా ఆగింది. ఆయన చేతులు మాత్రం ఇంకా కొంచెం ఎడమకి లాగుతున్నాయి, ఇప్పుడు బండి ఎడమకి పోతోందని నవ్వుకున్నారు. 1,240 దగ్గర గీత లేదు.

పండగ రోజు మనవరాలు ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక. గేటు దగ్గర జనం మధ్య పది నిమిషాలు ఆగుతూ, కదులుతూ వెళ్లాం, ఆ పిల్ల చెవులు మూసుకోలేదు.

పూర్తిగా సైలెంట్ అయిందా అంటే, లేదు. మంచు పడ్డ పొద్దున్న మొదటి రెండు స్టాపుల్లో వెనక ఎడమ చక్రం 700 హెర్ట్జ్ దగ్గర సన్నగా మూలుగుతుంది. రాత్రి తేమకి డ్రమ్ము మీద పట్టే పలచటి తుప్పు అది, రెండు సార్లు రుద్దుకుంటే పోతుంది. ఒక్క క్లిక్కు వదులు చేస్తే అది కూడా పోతుందేమో అని నోరు జారా. పెద్దాయన రెంచ్ తీసి డ్రాయర్లో పెట్టి తాళం వేశారు.

మైక్ కంపారిజన్ వచ్చే వారం. ఒక ఫోన్ మైక్ రంధ్రంలో గ్రీజు పోయింది, క్లీన్ అయ్యాక మళ్లీ టెస్ట్ చేయాలి.